పొగడదండ – మదిరాపరిమళము

ఖైరతాబాదులో మేము కాపురముండు వీధి మొగమున ఒక పొగడచెట్టు కలదు. ప్రాతఃకాల ప్రసారమునకు మేము బయలుదేరు వేళకు దాని క్రింద నేల కనబడదు. మీగడ రంగు గల చిన్నచిన్న చక్రములవంటి పూలు రాత్రియంతయు రాలి పరచుకొనియుండును. ఎదురింటి చిన్నది గిన్నె చేతబట్టుకొని వచ్చి, "తొక్కకండి మామయ్యగారూ!" అని మమ్ము హెచ్చరించి ఏరుకొనుచుండును. ఈ పూలకు సూదితో పనిలేదు. నడుమ రంధ్రము ఉండనే యున్నది. దారము దూర్చిన చాలును.

ఆ వాసన మాకు చిన్ననాటి నుండి తెలిసినదే. దానినిగూర్చి ఆలోచింపవలసి వచ్చుట మాత్రము ఇటీవల ఆబిడ్సులో జరిగిన ఒక చిన్న సంగతివలన. బంధువుల యింట పెండ్లికి కానుక కొనవలసియుండి నాంపల్లి మీదుగా నడచిపోయి ఒక అంగడిలో ప్రవేశించితిమి. అందలి యువకుడు సన్నని అట్టముక్కపై సెంటు చిమ్మి మా ముక్కునకు అందించి, "ఇది రెడ్ వైన్ వాసన సార్. నలుగురిలో అందరి చూపూ తనవైపు తిప్పుకునే మనిషి పెట్టుకునేది. మీకైతే గంధపుచెక్క వాసనది చూపిస్తాను" అనెను. మొదటిదాని వెల విన్న తరువాత రెండవదాని వెల అడుగుటకు మాకు ధైర్యము చాలలేదు. కాని త్రోవపొడుగునను రెండు ప్రశ్నలు మమ్ము వదలలేదు. మద్యము ముట్టనివాడు మద్యపు వాసనను ఒంటికి పూసికొనుట యెందులకు? వాసననుబట్టి మనిషి స్వభావమును చెప్పవచ్చునా? ఆ యువకుడు ఇవి తన అంగడిలో పుట్టిన సంగతులనుకొనియుండును. ఇవి వేయి యేండ్లకు పైబడినవని, అందులో కొంతకథ మన తెలుగుదేశముననే జరిగినదని శ్రోతలకు మనవి చేయుటకే ఈ ప్రసంగము.

పొగడకు సంస్కృతమున బకుళమనియు కేసరమనియు పేర్లు. వైద్యుల నిఘంటువులలో దీనికి మధుగంధము, సీధుగంధము అను పేర్లును కలవు. సీధువనగా చెరకురసమును పులియబెట్టి చేసిన మద్యము. అనగా మన పూర్వవైద్యులు ఈ పూవును వాసన చూచి, ఇది మద్యపు పరిమళమని నిశ్చయించి, దానికి ఆ పేరే పెట్టిరి. కవులు మరియొక అడుగు ముందునకు పోయిరి. అశోకము అందగత్తె కాలితాపుచేత పూచుననియు, పొగడ ఆమె పుక్కిలించి ఉమిసిన మదిరచేత పూచుననియు ఒక సమయము కల్పించి, దానికి దోహదమని పేరిడిరి. కాళిదాసు మేఘసందేశమున యక్షుని పెరటితోటలో ఈ రెండుచెట్లను ప్రక్కప్రక్కన నాటినాడు. ఆ శ్లోకమునకు వ్యాఖ్య వ్రాయుచు, ఏ చెట్టునకు ఏ దోహదమో వరుసగా ఎత్తిచూపిన పండితుడు మన తెలంగాణమువాడే. ఆయన కోలాచల మల్లినాథసూరి. మెదకు సమీపమునందలి కొల్చారమే ఆ కోలాచలమని పండితులు నిర్ణయించిరి. 14, 15 శతాబ్దముల ప్రాంతమువాడు. దేశమున ఏ మూలనైనను కాళిదాసును చదువబూనిన విద్యార్థి నేటికిని ఆయన చేయిపట్టుకొనియే నడచుచున్నాడు.

ఈ దోహదము నిజమా యని చెట్టు నడిగి ప్రయోజనము లేదు. మా వీధిలోని చెట్టునకు మద్యము మాట యటుండ, మంచినీరైనను ఎవ్వరును పోయరు. అయినను అది పూయుచునే యున్నది. కాని ఆ కల్పనయందు ఒక సూక్ష్మమైన ఊహ ఉన్నది. మదిర ఆమె నోటినుండి చెట్టునకు పోయినది; చెట్టునుండి పూవై మరల ఆమె కొప్పునకు వచ్చినది. ఇప్పుడా పరిమళము ఎవరిది? మదిరదా, చెట్టుదా, ఆమెదా? ఆబిడ్సులోని యువకుడు మాకు చెప్పబోయినదియు ఇదియే. అతడు మాటలు తక్కువగా వాడినాడు.

కవులు ఊహించినదానిని శాస్త్రజ్ఞులు తూచి కలిపిరి. ఆరవ శతాబ్దమున ఉజ్జయినియందుండిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో గంధయుక్తి యని ఒక అధ్యాయము వ్రాసెను. దాని ఆరంభమే విచిత్రముగా ఉండును. తల నెరసినవానికి పూలుగాని గంధముగాని అందగింపవు గనుక ముందు జుట్టునకు రంగు వేసికొనుమని చెప్పి, ఆ రంగు చేయు విధమును తెలిపి, పిమ్మట అత్తరుల మాట ఎత్తును. నలుబదులు దాటిన మావంటివారు ఆ భాగమును కొంచెము శ్రద్ధగానే చదువుదురు. తరువాత స్మరోద్దీపనమను ఒక పరిమళమును చెప్పి, దానిలో చిన్నమార్పు చేసి కటుకరోహిణి పొగ పట్టించినచో పొగడపూల వాసన వచ్చుననెను. చెంగల్వకోష్ఠు చేర్చిన కలువ వాసన, చందనము చేర్చిన సంపెంగ వాసన. చూచితిరా! ఒక్క పొగడపూవైనను లేకుండ పొగడ వాసన. మద్యమును చుక్కయైన వేయక మద్యపు పరిమళమును కల్పించు నేటి విద్యకు ఇది పూర్వరంగము. పదునారు ద్రవ్యములనుండి నాలుగేసి చొప్పున ఎన్ని విధముల ఎన్నుకొనవచ్చునో ఆయన లెక్కకట్టి 1,820 అనెను. పాళ్ళు మార్చుచు పోయిన ఆ సంఖ్య 1,74,720 అగునట. ఇందులో ఏ వాసన ఏ స్వభావముగల వానికి అని మాత్రము ఆయన చెప్పలేదు. జాతకములు వ్రాసిన మహానుభావుడే చెప్పనప్పుడు మనము తొందరపడనక్కరలేదు.

వాసనకు వ్యక్తి ఎవరో తెలియకున్నను, వెల చెల్లించినవాడెవడో తెలిసికొనుటకు సాధనములున్నవి. అవి శాసనములు. కాకతి గణపతిదేవుడు క్రీ.శ. 1244 ప్రాంతమున మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనము మన వర్తకచరిత్రలో ముఖ్యమైనది. ఓడలు గాలివానకు కొట్టుకొనివచ్చి ఒడ్డునబడినప్పుడు సరకును రాజులు లాగికొనుట పూర్వపు ఆచారము. తాము అట్లు చేయమని, న్యాయమైన సుంకము మాత్రమే గ్రహింతుమని ఆ రాజు పరదేశి వర్తకులకు అభయమిచ్చెను. సుంకముల పట్టికలో చందనము, కర్పూరము, చీనికర్పూరము, పన్నీరు, జవ్వాది, కర్పూరతైలము కానవచ్చును. ఓరుగల్లులో ఒక పెండ్లిలో చిలికిన పన్నీరునకు మోటుపల్లి ఇసుకలో ఒక లేఖకుడు అంతకుముందే లెక్కవ్రాసికొని యుండెనన్నమాట. పరిమళముల చరిత్రను కవుల వలన తెలిసికొనుట ఆనందముగా నుండును. సుంకరుల వలన తెలిసికొన్నచో నమ్మకము కుదురును.

ఆ రేవు తరువాత రెడ్డిరాజుల చేతికి వచ్చెను. కొండవీటి కుమారగిరిరెడ్డి 1386 మొదలు 1402 వరకు ఏలినవాడు. ఆయనకు కర్పూర వసంతరాయలని బిరుదము. ఏటేట వసంతోత్సవమున కర్పూరపు పొడిని వెదజల్లించిన భోగి. డాక్టరు సి. నారాయణరెడ్డిగారు 1957లో ఆ పేరనే కావ్యము వెలయించిరి గనుక లకుమాదేవి కథ శ్రోతలకు సుపరిచితము. ఆ కర్పూరము ఎక్కడిది? అవచి తిప్పయసెట్టి అను వర్తకుడు తెచ్చి యిచ్చెడివాడు. శ్రీనాథుడు హరవిలాసమును ఈ సెట్టికే అంకితమిచ్చి, ఆయన ఓడలు ఏ దేశమునుండి యేమి తెచ్చెడివో చెప్పినాడు: సింహళమునుండి ఏనుగులు, హురుమంజి నుండి గుఱ్ఱములు, గోవానుండి జవ్వాది, చీనానుండి పట్టువస్త్రములు. రాజుగారి వసంతమునకు ఏటేట కస్తూరి, కుంకుమపువ్వు, కర్పూరము, పన్నీరు, అగరు సమకూర్చినది ఈ సెట్టియే.

ఇచ్చట స్వభావముల మాట మరల తలయెత్తుచున్నది. కుమారగిరికి బావమరిదియు మంత్రియు అయిన కాటయవేముడు అదే సభలో అదే కర్పూరమును పీల్చినవాడు. రాజు ఉత్సవములలోనుండ రాజ్యభారము మోసినది ఆయన. తీరిక వేళ కాళిదాస నాటకములకు వ్యాఖ్యలు వ్రాసి, వానికి కుమారగిరిరాజీయమని తన రాజుపేరే పెట్టినాడు. అందొకటి మాళవికాగ్నిమిత్రమునకు వ్యాఖ్య. అశోకదోహదమే కథకు పట్టుగొమ్మయైన నాటకమది. ఒకే పరిమళము ఒకనిని నిద్రపుచ్చెను, మరియొకనిని మేల్కొలిపెను. 1402లో పెదకోమటి వేమారెడ్డి కొండవీటిని చేజిక్కించుకొనెను, కర్పూరవసంతము ముగిసెను.

మూడవవాడు శ్రీనాథుడు. ఆయన భోగమునుగూర్చి చెప్పనక్కరలేదు. అట్టి కవి చివరిదినములలో కృష్ణాతీరమున బొడ్డుపల్లెను గుత్తకు తీసికొని, వరదలకు పంటపోయి, ఏడువందల టంకములు చెల్లింపలేక దండన పాలయ్యెనని ఆయన పేర ప్రసిద్ధమైన చాటుపద్యము చెప్పుచున్నది. నడివీధిలో ఎదురెండకు నిలిపి మెడకు తగిలించిన శిక్షాసాధనమునకు ఆ పద్యములోని పేరు పొగడదండ. మదిరాగంధము గల పూలదండకును, పన్ను కట్టలేనివాని మెడకు వేసిన బరువునకును తెలుగువారు ఒకే పేరు పెట్టిరి. ఎందుకు పెట్టిరో మేము ఊహింప సాహసింపము. ఉదయమున ఆ చిన్నది దండ గ్రుచ్చుట చూచినప్పుడెల్ల మాకు ఆ పద్యము తలపునకు వచ్చుచుండును.

ఇంతవరకు పొడులును పొగలును నూనెలును. ఆవిరిపట్టి అత్తరు దించు విద్యలో మద్యమునకును పరిమళమునకును గల చుట్టరికము మరింత దగ్గరిది. రెండును ఒకే బట్టీలో పుట్టిన తోబుట్టువులు. భాషయే సాక్ష్యమిచ్చుచున్నది. అరబ్బీలో అరఖ్ అనగా చెమట. కాగిన పాత్ర మూతకు పట్టి జారు చుక్క చెమటవలె ఉండును గనుక ఆ పేరు. యునానీ వైద్యుని అంగడిలో గులాబీ అర్ఖు అన్నను, కల్లుదుకాణము ప్రక్కన అరాకు అన్నను మాట ఒకటే. ఆల్కహాలు అను మాటయు అరబ్బులదే. దాని మూలార్థము కాటుకవంటి మెత్తని పొడి. బాగ్దాదులో తొమ్మిదవ శతాబ్దమున అల్‌కిందీ అను తత్త్వవేత్త పరిమళములను చేయుటకును ఆవిరిపట్టుటకును ఒక గ్రంథమే వ్రాసెను.

మన దేశపు అత్తరు బట్టీని చూడనివారికి ఆ పని తీరు చెప్పుట మంచిది. డేగు అనునది పెద్ద రాగి కాగు. అందులో పూలను నీటిని పోసి, మూతపెట్టి, ఆవిరి పోకుండ చుట్టును మట్టితో మెత్తుదురు. మూతనుండి త్రాడుచుట్టిన వెదురుగొట్టము వంగివచ్చి భప్కా యను రాగి కూజాలోనికి దిగును. ఆ కూజా నీటితొట్టిలో కూర్చుండియుండును. దాని లోపల మంచిగంధపు నూనె ఉండును. పూల ఆవిరి అందు చల్లబడి నీరై, పరిమళము మాత్రము గంధపునూనెను పట్టుకొనును. నీటిని వంచి మరల కాగులో పోయుదురు. కొత్త పూలతో ఇట్లు దినముల తరబడి చేయుదురు. మంట ఎక్కువైనచో పూవు మాడును, తక్కువైనచో వాసన లేవదు. కాగును చేతితో తాకి, చెవియొగ్గి విని, మంటను సరిచేయు పనివాడే ఆ విద్యకు ఆధారము. ఉత్తరాదిని కనౌజులో పొగడ అత్తరును ఈ తీరుననే దించుదురు; దాని పేరు మౌల్సరీ. మొగలి అత్తరు గంజాము తీరపుది. 1936 వరకు మదరాసు రాజధానిలో ఉండి, నేటికిని తెలుగు వినవచ్చు సీమ అది.

అదే కాగులో పూలకు మారుగా పులిసిన ఇప్పపూలు పోసినచో దిగునది సారా. ఇప్పయు పూవే, దానికిని బరువైన తీపివాసన ఉన్నది. ఆదిలాబాదు అడవులలోని గోండులకు అది పూజ్యవృక్షము, కరవునాటి తిండి, పండుగనాటి పానము. నిజాముల కాలమున ఈ ఇప్పసారా పేరు గుల్‌మొహువా. దానిపై వచ్చు ఆబ్కారీ రాబడి సర్కారు పెద్ద ఆదాయములలో ఒకటి. మన నగరమున నారాయణగూడలో సర్కారు సారాబట్టీ ఉండెడిది. అడవిలో పూవు ఏరిన చేతికిని బొక్కసమునకును నడుమ ఎంతమంది గుత్తేదారులు నిలిచిరో చెప్పబూనిన మరియొక ప్రసంగము కావలయును.

మద్యము మతమునకు నిషిద్ధము, పరిమళమో ప్రీతిపాత్రము. అందువలననే ముస్లిముల అత్తరులో సారాచుక్క కూడదు. గంధపునూనెయే దానికి ఆధారము. ఆ కట్టడిని దాటిన చక్రవర్తులును ఉండిరి. జహంగీరు తన స్వీయచరిత్రలో, ఒకప్పుడు తాను దినమునకు ఇరువది గిన్నెల గట్టిసారా త్రాగెడివాడనని దాచక వ్రాసికొనెను. అదే గ్రంథమున, నూర్జహాను తల్లి పన్నీరు చేయుచు, వేడి పన్నీటిపై తేలిన తెట్టను ప్రోగుచేసి గులాబీ అత్తరును కనుగొనినదనియు, అరచేతిలోని ఒక్కచుక్క సభనంతను నింపినదనియు, ఆమెకు ముత్యాలహారము బహూకరించితిననియు వ్రాసెను. దానికి జహంగీరీ అత్తరని పేరు. త్రాగుబోతు చక్రవర్తి పేరు ఆ విధముగా సారా సోకని పరిమళముపై నిలిచినది.

గోలకొండలోను ఈ జంట విడిపోలేదు. 1591లో మన నగరమును కట్టించిన మహమ్మదు కులీ కుతుబ్‌షా దక్ఖినీ కవితలో వసంతము, మధుపాత్ర, పరిమళము ఒకే పళ్ళెరములో వచ్చును. ఆయన తరువాతి సుల్తాను కుమార్తె ఖైరున్నిసాబేగము కట్టించినదని చెప్పుకొను మసీదు 1626 నుండి మా పేటలో నిలిచియున్నది. మా పేటకు ఆమె పేరే వచ్చినది.

ఇక ఆబిడ్సు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను 1869లో పసివాడుగా గద్దెకెక్కి 1911లో ఫలక్‌నుమాలో కన్నుమూసెను. పురానీహవేలీలో ఆయన బట్టల అలమర ఒకటి నేటికిని ఉన్నది. అలమర యనుటకన్న రెండంతస్తుల కొయ్యవీధి యనుట న్యాయము. 2000లో అచ్చట ప్రదర్శనశాల తెరచినప్పటినుండి ఎవరైనను పోయి చూడవచ్చును. ఒకసారి తొడిగిన దుస్తును ఆయన మరల తొడుగడని ప్రతీతి. ఈ దుస్తులను కనిపెట్టుకొనియుండిన సేవకుడు ఆర్మీనియా దేశీయుడు, ఆల్బర్ట్ ఆబిద్. ఆయన తెరచిన అంగడి పేరే ఆ పేటకు నిలిచెను. నిజాము మరచిపోయిన క్రొత్తదుస్తులు ఆ అంగడికి చేరి, తిరిగి నిజామునకే అమ్ముడుపోయెడివని నగరమున ఒక కథ చెప్పుకొందురు. నిజమెంతయో గాని, తనకున్నదేమో తనకే తెలియని వానికి ఆ కథ అతికినట్లుండును.

విదేశీ వస్తువుల అంగళ్లతో పాటు నగరమునకు విదేశీ సెంటును వచ్చెను. పత్తర్‌గట్టిలోని అత్తరునకును ఆబిడ్సులోని సెంటునకును మూలములోనే భేదమున్నది. 1709లో జర్మనీలోని కొలోను నగరమున ఫరీనా వంశీయులు నెలకొల్పిన పరిమళజలమునకు ఆధారము శుద్ధిచేసిన సారము. ఆ సారమును ఇంగ్లీషువారు మద్యపు ఆత్మ అను అర్థము వచ్చు మాటతోనే పిలిచెడివారు. కావున ఐరోపా సెంటు పుట్టుకచేతనే మదిరాసంతతి. వాసనను మోయు పల్లకి మద్యము. ఒంటిమీద చిమ్మినంతనే పల్లకి ఎగిరిపోవును, పెండ్లికూతురు మిగులును. ఆ పల్లకీని ప్రభుత్వము కనిపెట్టకపోలేదు. 1955లో ఔషధములలోను అలంకరణద్రవ్యములలోను ఉండు సారముపై సుంకమునకు ప్రత్యేక చట్టము వచ్చెను. 2017లో వస్తుసేవల పన్ను వచ్చువరకు అది అమలులో నుండెను. మోటుపల్లి లేఖకునికి ఏడువందల యేండ్ల తరువాతకూడ పనిపోలేదు.

అత్తరునకును సెంటునకును మరియొక భేదము మాకు ముఖ్యముగా తోచును. మన యిండ్లలో పరిమళము ఒకరు ఎన్నుకొని తాము పూసికొను వస్తువు కాదు, మరియొకరు ఇచ్చునది. పెండ్లిలో వాకిట పన్నీరుబుడ్డి పట్టుకొని నిలుచు పిల్లలు అందరిపైనను ఒకే పన్నీరు చిలుకుదురు. గంధము చేతికి రాయుదురు. హైదరాబాదు విందులలో వెండి అత్తరుదాను వచ్చి ప్రతివాని ముంజేతికిని ఒకే అత్తరు సోకించును. కరీంనగరపు కంసాలులు వెండితీగెను అల్లి చేసిన అత్తరుదానులు ఈ పనికే పుట్టినవి. ఆ రాత్రి నవాబును, ఆయన గుమాస్తాయు, వంటవాడును ఒకే వాసనతో ఇల్లు చేరుదురు. దానినిబట్టి ఎవని స్వభావమును చెప్పుదుము? పిలిచినవాని స్వభావము చెప్పవచ్చును. పాతబస్తీ అత్తరు సాయిబులు మనిషినిబట్టి కాక ఋతువునుబట్టి అత్తరు ఇచ్చుటయు మేము చూచితిమి: ఎండలకు వట్టివేరు, గులాబీ, చలికి హినా, షమామా, తొలకరికి తడిసిన మట్టి అత్తరు. వారి తక్కెడలో గ్రీష్మము తూగును గాని గర్వము, వినయము తూగవు.

అట్లని ఆ యువకుని మాటను పూర్తిగా త్రోసిపుచ్చుటయు న్యాయము కాదు. ఒకే వాసన ఇద్దరిపై ఒకేరీతిగ ఉండదనుట నిజము. చర్మపు వేడి, తడి, జిడ్డు మారినచో వాసన ఎగిరిపోవు వేగము మారును. దీనికి ఉదాహరణగా పరిమళకారులు చెప్పునది మన దవనమును. అవును, చైత్రమాసమున దమనారోపణముతో దేవుని సేవించు దవనమే. మరువముతో కలిపి జడలో ముడుచు దవనమే. ప్రపంచమునకు కావలసిన దవనపు తైలము దాదాపుగ నంతయు కర్ణాటకము, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ పొలములనుండియే పోవుచున్నది. ఆ తైలమునందు పండిన పండు, పాతబడిన మద్యము కలిసిన వాసన ఉండును. ఒక్కొక్కరి ఒంటిపై ఒక్కొక్క రీతిగ వీచునని దానికి పేరు. మదిరాగంధముగల సెంటులలో దీనిని చేర్చుదురు. మరియొకటి, ద్రాక్షమద్యపు పీపాల అడుగున మిగులు మడ్డిని ఆవిరిపట్టి తీసిన తైలము. రెడ్ వైన్ వాసనయని మాకు చూపిన సీసాలో ఏది యుండెనో మాకు తెలియదు. మన గుడి ముందర మూరల లెక్కన అమ్ము దవనము ఓడనెక్కి పోయి, గాజుసీసాలో చేరి, ఆబిడ్సుకు తిరిగివచ్చి మమ్ము భయపెట్టియుండిన ఆశ్చర్యపడనక్కరలేదు.

ఆ పెండ్లికి ఏమి కొంటిమని శ్రోతలు అడుగవచ్చును. మరునాడు చార్మినారువైపు పోయి, మాకు ఎరుకైన ఒక వృద్ధ అత్తరు సాయిబును మౌల్సరీ ఉన్నదా అని అడిగితిమి. ఆయన చాలసేపు వెదకి అడుగుననున్న ఒక చిన్నసీసా తీసి, మూతకు అంటినదానిని మా మణికట్టుపై రాచి, "సాబ్, గంధపునూనె మీద దించింది ఇదొక్కటే మిగిలింది. ఇప్పుడు వచ్చేది పారఫిన్ నూనె మీద దించింది. గంధం ధర మీకు తెలుసు కదా" అనెను. మంచిగంధపు చెట్లు తరిగి, నూనె వెల మిన్నంటిన తరువాత బట్టీలవారు చాలమంది చౌకనూనెల వైపు తిరిగిరి. ఆయన దాచుకొనిన సీసాను అడుగుటకు మాకు మనసొప్పలేదు. పారఫిను దానిని తీసికొనుటకును ఒప్పలేదు. రెండు పన్నీరుబుడ్లు కొని తెచ్చితిమి.

ఆ రాత్రి ముంజేయి మొగముపై పెట్టుకొని పరుండితిమి. తేనె, కొంచెము పులుపు, ఆ క్రింద గంధపుచెక్క. సీధుగంధమని పేరుపెట్టిన వైద్యుని ముక్కు గట్టిదే. ఉదయమున ప్రసారమునకు పోవుచుండగా ఆ చిన్నది గిన్నెతో ఎదురైనది. చేయి చాచి వాసన చూడుమంటిమి. చూచి, గిన్నెలోనికి చూచి, మరల మా చేయి చూచి, "మా చెట్టుదే. ఎప్పుడు కోసుకున్నారు?" అని అడిగినది.